పడుగు యంత్రము చూపు మీటర్లు ఎవరి మీటర్లు?

పడుగు కురచయైనప్పుడు నష్టము ఎవరిమీద పడవలెను? చాలచోట్ల అది నేతగానిమీదనే పడుచున్నది. యంత్రము ఇన్ని మీటర్లని చూపినది, చీర కొలత తగ్గినది, కనుక మజూరీలో కోత. ఈ పద్ధతి న్యాయము కాదని మా అభిప్రాయము.

చేతితో ఆసు పోసిన రోజులలో కొయ్యల మధ్య దూరము అందరికీ కనబడుచుండెను. అనుమానము కలిగినచో ఎవరైనను కొలిచి చూచుకొనెడివారు. ఇప్పుడు మోటారుతో నడచు యంత్రములో ఆ కొలత ఒక చిన్న పెట్టెలో దాగియున్నది.

లోపల జరుగునది రహస్యమేమియు కాదు. నూలు ఒక కొలత రోలరుమీదుగా సాగును. ఆ రోలరు ఇరుసుకు ఎన్‌కోడరు అను పరికరము బిగింతురు. ఒక చుట్టుకు అది 1000 పల్సులు పంపునదైనచో, కంట్రోలరు ఒక్కొక్క పల్సును నాలుగుగా విడదీసి 4000 లెక్కించును. రోలరు వ్యాసము 100 మిల్లీమీటర్లయినచో చుట్టుకొలత 314.16 మిల్లీమీటర్లు, అనగా మీటరుకు 12,732 లెక్కలు. ఈ అంకెను కంట్రోలరులో వేయుటనే స్కేలింగు అందురు. పెట్టె చూపు మీటర్లన్నియు ఈ అంకెనుండి పుట్టినవే. పెట్టెకు నూలు కనబడదు. నాలుగింతల తప్పు వేసినచో మొదటి దినముననే పట్టుబడును. నూటికి ఒకటి తప్పే ఏండ్లకొలది సాగిపోవును.

రోలరు 99 మిల్లీమీటర్లకు అరిగినదనుకొందము. 100 మీటర్లని చూపిన పడుగు నిజమునకు 99 మీటర్లే. రోలరుపై పీచు, గంజి పేరుకొన్నను, నూలు జారినను తప్పు ఎదురుదిక్కుకు పోవును. పడుగు పొడవై సంఘము నూలు వృథా యగును. కొందరు ఎన్‌కోడరును డ్రమ్ము ఇరుసుకే తగిలించుచున్నారు. ఇది మాకు నచ్చదు. నూలు 5 మిల్లీమీటర్ల మందము చేరుసరికి ఒక్కొక్క చుట్టుకు 31 మిల్లీమీటర్లు అదనముగా పోవును. ఆ పెరుగుదలను కంట్రోలరుకు చెప్పనిచో లెక్క నిలువదు.

సరిచూచుటకు ఇంజనీరు అక్కరలేదు. పెట్టె 50 మీటర్లు చూపువరకు నడిపి, మొదట చివర గుర్తులు పెట్టి, పడుగుకు గంజి పెట్టు వీధిలోనే ఆ నూలును అదే బిగువుతో చాచి, ముద్రవేసిన ఉక్కు టేపుతో కొలువవలెను. 49.50 వచ్చినదనుకొందము. యంత్రము లెక్కించిన 6,36,600ను 49.50తో భాగించగా 12,861 వచ్చును. అదియే క్రొత్త అంకె. అయితే తొందరపడి మార్చరాదు. 25 మీటర్లు కూడ నడిపి చూడవలెను. లోపము 25 సెంటీమీటర్లకు దిగినచో తప్పు స్కేలింగుది. అప్పుడును 50 సెంటీమీటర్లే ఉన్నచో తప్పు సున్న పెట్టుటలోనో, యంత్రము ఆగుటలోనో ఉన్నది. అట్టిచోట అంకె మార్చినచో ఆ రోగము కుదరకపోగా మరియొకటి పుట్టును.

యాబదికి అరమీటరేకదా అనువారున్నారు. ఆ తరుగంతయు చివరి చీరమీదనే పడును. అరగజము తగ్గిన చీరను కొనువారెవరు?

యంత్రము బిగించువారిని అడిగినచో "అది ఫ్యాక్టరీలో సరిచేసినదే, తాకకండి" అని, సంకేతపదము తమయొద్దనే ఉంచుకొనుచున్నారు. యంత్రము కొను సంఘములు డబ్బు చెల్లించుటకు ముందే రోలరు వ్యాసము, పల్సుల సంఖ్య, స్కేలింగు అంకె, సంకేతపదము కాగితముమీద వ్రాయించుకొనవలెను. షోలాపూరు, భివండి, సేలము ఊళ్ళలో పడుగు బయట పోయించుకొను మనవారికి ఆ పెట్టె తెరచు హక్కు లేకపోవచ్చును. టేపు పట్టు హక్కు తప్పక కలదు.

నెలకొకసారి ఇద్దరు నేతగాండ్ర ఎదుట ఈ పరీక్ష జరిపి, పాత అంకె, క్రొత్త అంకె, తేదీ పుస్తకములో వ్రాసి వారిచేత సంతకములు చేయింపవలెను. ఆ పుస్తకము లేని సంఘము, పడుగు కురచయైనదని ఏ నేతగాని మజూరీలోను ఒక్క పైసా కోయరాదు.