సున్తీకి ముందు అడగాల్సిన ప్రశ్న

హీమోఫీలియాకు జన్యుచికిత్స మన దేశంలోనూ సాధ్యమని వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు 2024లో చూపించారు. ఐదుగురు రోగుల మూలకణాల్లో, రక్తాన్ని గడ్డకట్టించే ఎనిమిదో ఫ్యాక్టర్ జన్యువును చేర్చి తిరిగి వారికే ఎక్కించారు. పరిశీలించినంత కాలం ఆ ఐదుగురిలో ఎవరికీ రక్తస్రావం కాలేదు. సంతోషించదగ్గ వార్తే. కానీ మన జిల్లాల్లోని తల్లిదండ్రుల కష్టం అంతకంటే చాలా ముందే మొదలవుతుంది. బిడ్డకు ఫలానా జబ్బు ఉందని చెప్పగల వైద్యుడే వారికి దొరకడు.

హీమోఫీలియాలో ఎక్కువగా కనిపించే 'ఎ' రకం సుమారు 5,000 మంది మగశిశువుల్లో ఒకరికి వస్తుంది. జబ్బు తల్లి నుంచి కొడుక్కు సంక్రమిస్తుంది, తల్లికి మాత్రం సాధారణంగా ఏ బాధా ఉండదు. దాదాపు మూడోవంతు మందికి వంశంలో దీని ఆనవాలే ఉండదు. అందుకే ముస్లిం కుటుంబాల్లో కొన్నిసార్లు ఇది సున్తీనాడే బయటపడుతుంది. గాయం చిన్నదే, నెత్తురు మాత్రం ఆగదు. ఇదేమీ కొత్త సంగతి కాదు. మగవారు చిన్న గాయాలకే నెత్తురోడి చనిపోతున్న ఒక ఊరి గురించి వెయ్యేళ్ల కిందటే కార్డోవా వైద్యుడు అల్ జహ్రావీ రాసిపెట్టాడు.

"రక్తపరీక్ష చేయించాం, అంతా బాగుందన్నారు" అనే మాట తరచూ వింటుంటాం. ఏ పరీక్ష చేయించారన్నదే అసలు ప్రశ్న. చిన్న ఊళ్ల నర్సింగ్ హోముల్లో ఆపరేషన్‌కు ముందు రాసిచ్చేది బి.టి., సి.టి. హీమోఫీలియా రోగికి బి.టి. మామూలుగానే వస్తుంది. సి.టి. కూడా జబ్బు తీవ్రంగా ఉంటే తప్ప పట్టుకోదు. కావలసింది ఏ.పి.టి.టి., అందులో తేడా కనిపిస్తే ఫ్యాక్టర్ల పరీక్ష.

అదీ చాలని జబ్బు ఒకటుంది. పదమూడో ఫ్యాక్టర్ లోపం హీమోఫీలియా కంటే ఎంతో అరుదు. మేనరికాలు, పెదనాన్న చిన్నాన్న బిడ్డల మధ్య నికాహ్‌లు జరిగే కుటుంబాల్లో దీనికి అవకాశం ఎక్కువ, ఆడపిల్లలకూ వస్తుంది. ఇందులో ఏ.పి.టి.టి. సహా మామూలు పరీక్షలన్నీ సరిగ్గానే ఉంటాయి. చీటీ చూసే వైద్యుడు బిడ్డను పంపించేస్తాడు. అనుభవం ఉన్న వైద్యుడు మాత్రం తల్లిని అడుగుతాడు: బొడ్డు ఊడినప్పుడు రోజుల తరబడి నెత్తురు కారిందా? టీకా వేసినచోట పెద్ద గడ్డ కట్టిందా? మేనమామల్లో ఎవరికైనా మోకాళ్లు వాచేవా? ఈ ప్రశ్నలకు పైసా ఖర్చు లేదు. సున్తీ చేసేవారు కూడా వీటిని అడగవచ్చు. ఏ ఒక్కదానికి "అవును" అని జవాబు వచ్చినా, హెమటాలజిస్టు చూసేదాకా కత్తి పట్టకూడదు. ప్రాణభయం ఉన్నచోట సున్తీ వాయిదా వేయవచ్చని ఫుఖహాలు ఏనాడో చెప్పి ఉన్నారు కనుక బంధువుల మాటలకు జంకనక్కరలేదు.

జబ్బు ఖరారైతే ఊళ్లోని డాక్టరును వదిలేయాలని మేము అనడం లేదు. హైదరాబాదులోనో వేలూరులోనో హెమటాలజీ విభాగంలో ఒకసారి పూర్తిగా చూపించి, ఏ ఫ్యాక్టర్, ఎంత మోతాదు అన్నది కాగితం మీద రాయించుకోవాలి. అర్ధరాత్రి ఏ ఆస్పత్రికి పరుగెత్తినా ఆ కాగితమే ముందు మాట్లాడుతుంది. ఆస్పిరిన్ ఇవ్వకూడదనీ, కండలోకి సూది వేయకూడదనీ అందులో రాయించడం మరవకూడదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం హీమోఫీలియాను వైకల్యాల జాబితాలో చేర్చింది. ఆ ధ్రువపత్రం కోసం దరఖాస్తు చేసుకోవాలి. అయితే రోగ నిర్ధారణ కాని బిడ్డకు ఏ చట్టమూ అక్కరకు రాదు. ప్రతి జిల్లా ఆస్పత్రిలో ఏ.పి.టి.టి. పరీక్ష ఏ రోజైనా జరిగే ఏర్పాటూ, రాత్రివేళ కూడా అందేలా ఫ్యాక్టర్ నిల్వలూ ఉండాలని మన మస్జిద్ కమిటీలు కలెక్టర్లకు అర్జీలు పెట్టవచ్చు.