కేన్సర్ వంశపారంపర్యమా?

ప్రశ్న: మా మామగారు నలభై ఏళ్ళుగా చుట్ట కాలుస్తున్నారు. బుగ్గ లోపల పుండు మానకపోతే ముక్క తీసి పరీక్ష చేయించాము. కేన్సర్ అన్నారు. డాక్టరుగారు "జన్యువుల్లో మార్పు, మైక్రో ఆర్.ఎన్.ఏ." అన్న మాటలు పట్టుకుని, మా అమ్మాయికి కుదిరిన సంబంధంవారు వెనకాడుతున్నారు. ఈ జబ్బు మనవరాలికి వస్తుందా?
– ఒక సోదరి, మోపిదేవి

జవాబు: మీ మామగారి జన్యువుల్లో చుట్ట తెచ్చిన మార్పు మీ అమ్మాయికి రాదమ్మా. కారణం చెబుతాను.

ఏ ప్రొటీను తయారు కావాలో జన్యువులు కణానికి కబురు పంపుతాయి. మైక్రో ఆర్.ఎన్.ఏ.లు ఆ కబురుకు అతుక్కుని తయారీని తగ్గిస్తాయి. మీ వైపు కాలువ తూముకు తలుపు దించితే నీరు తగ్గినట్లన్నమాట. 1993లో ఒక చిన్న పురుగులో వీటి సంగతి కనిపెట్టిన ఆంబ్రోస్, రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ బహుమతి వచ్చింది. తలుపు విరిగితే పొలం మునుగుతుంది గదా! ఒక రకం రక్త కేన్సర్‌లో, 13వ క్రోమోజోము మీద వుండే రెండు మైక్రో ఆర్.ఎన్.ఏ.లు చాలామంది రోగులలో లోపించడమో, తగ్గిపోవడమో జరిగిందని 2002లో తేలింది. చావవలసిన కణాలు చావక పేరుకుపోవడానికి అదొక కారణం.

పొగ ఏళ్ళ తరబడి తగిలి నోటి పొరలోని కణాల జన్యువులను చెడగొడుతుంది. ఆ చెడుగు ఆ కణాలలోనే వుంటుంది. బిడ్డలకు చేరేది బీజకణాలలోని మార్పు మాత్రమే. అలా పుట్టుకతో వచ్చిన మార్పువల్ల కలిగే కేన్సర్లు నూటికి అయిదు నుంచి పది మాత్రమే. కొన్ని రొమ్ము కేన్సర్లు ఆ కోవలోవి.

శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల పల్లెల్లో అడ్డపొగ తాగే స్త్రీలకు అంగిలి కేన్సర్ వస్తుంది. తల్లికీ, కూతురికీ కూడా రావచ్చు. అక్కడ తల్లినుంచి కూతురికి ముఖ్యంగా వచ్చింది నిప్పు లోపల పెట్టుకుని కాల్చే అలవాటు.

కనుక పెళ్ళికి ముందు అమ్మాయికి జన్యు పరీక్ష అవసరం లేదు. పెళ్ళివారికి ఈ సంగతి దాచకుండా చెప్పండి. మామగారి చేత చుట్ట మాన్పించండి, ఆపరేషనుకు గాని రేడియేషనుకు గాని ఆలస్యం చేయకండి. ఇంట్లో ఎవరికైనా ఖైనీ, గుట్కా అలవాటుంటే ఈరోజే మానాలి. నోట్లో పుండు రెండు వారాల్లో మానకపోయినా, తెల్లని లేక ఎర్రని మచ్చ కనిపించినా, నోరు సరిగా తెరుచుకోకపోయినా వెంటనే డాక్టరుకు చూపించండి. తొలిదశలో పట్టుకుంటే నోటి కేన్సర్ నయమయ్యే అవకాశం ఎక్కువ.