బండి ఆగేచోట కదా ప్లగ్గు ఉండాలి!



వాట్సాప్‌లో ఒక పట్టిక తెగ తిరుగుతోంది. హైవే మీద ఏ కంపెనీ ఛార్జింగ్ చవక, ఏది ఖరీదు అని. కింద ఒక మాట, "ఇంక శ్రీకాకుళం జిల్లాలో ఎలక్ట్రిక్ బండికి ఢోకా లేదు" అని. చూసి ఊరుకోలేక రాస్తున్నాను. ఆ పట్టిక వైజాగ్ నుంచి భువనేశ్వర్ కారులో పోయేవాళ్ళకి పనికొస్తుంది. కవిటి నుంచి కొబ్బరికాయలు, మందస నుంచి జీడిపిక్కలు, వజ్రపుకొత్తూరు నుంచి డయాలసిస్ మనిషిని ఎక్కించుకుని పలాస వచ్చే ఆటో తమ్ముడికి ఏటి పనికొస్తుంది, చెప్పండి?

ముందు రేటు సంగతి. పబ్లిక్ ఛార్జింగ్ మీద 18 శాతం జీఎస్టీ ఉంది. యాప్‌లో పన్ను కలపకుండా 18 రూపాయలని చూపించిన యూనిట్, జేబులోంచి పోయేసరికి 21 రూపాయల 24 పైసలు. పట్టికలో ఈ ముక్క లేదు.

రెండోది యాప్‌ల గోల. టాటా పవర్‌కి ఒకటి, స్టాటిక్‌కి ఒకటి, ఛార్జ్‌జోన్‌కి ఒకటి, జియో-బీపీకి ఇంకొకటి. మా అల్లుడు పోయిన ఎండాకాలం కారు వేసుకొచ్చి దారిలో ఒకచోట ఆగాడు. యాప్‌లో ఖాళీ అని చూపించింది, మిషను మాత్రం చచ్చి ఉంది. వాలెట్‌లో వేసిన 500 అందులోనే ఉండిపోయింది. పెట్రోలు బంకువాడు "ముందు మా యాప్ ఎక్కించుకో, అందులో డబ్బులు వెయ్యి, అప్పుడు పైపు పెడతా" అంటే మనం ఒప్పుకుంటామా? టీ కొట్టులో పది రూపాయలకి ఫోన్‌పే ఉంది. దీనికెందుకు లేదు?

మూడోది అసలైనది. హైవే ఫాస్ట్ ఛార్జర్లకి ఉండేది సీసీఎస్-2 గన్ను. అది కార్లది. మహీంద్రా ట్రియో లాంటి ఆటోకి కావలసింది ఇంట్లో ఉండే 15 ఆంపియర్ల మూడు పిన్నుల ప్లగ్గు. గన్ను పక్కనే నిలబెట్టినా ఆటోకి ఎక్కదు!

పోనీ ఎక్కిందనుకుని లెక్క వేద్దాం. ట్రియో జోర్ బ్యాటరీ 7.37 యూనిట్లు. నష్టంతో కలిపి 8 అనుకోండి, 80 కిలోమీటర్లు వస్తుందనుకోండి. ఇంట్లో రోజూ పెడితే మీటరు 225 దాటి 8.75 రూపాయల శ్లాబులో పడుతుంది. అలా పడినా 70 రూపాయలు, అంటే కిలోమీటరుకి 88 పైసలు. సర్దుబాటు ఛార్జీలు వేరు. అదే హైవే మీద 170 రూపాయలు, కిలోమీటరుకి 2.13. ఊళ్ళోంచి హైవేకి వెళ్ళి రావడానికి 20 కిలోమీటర్లు తీసేస్తే 2.83. లీటరు 97 పెట్టి 30 కిలోమీటర్లు తిరిగే డీజిల్ ఆటోకి 3.23. ఈ 40 పైసల కోసమా అప్పు చేసి కొత్త బండి కొనడం?

అందుకే నేననేది ఒకటే. ఏ కంపెనీ చవక అని కాదు, మన బండి ఎక్కడ ఎంతసేపు ఊరకే నిలబడుతుందో అక్కడ ప్లగ్గు ఉందా లేదా అని అడగాలి.

డయాలసిస్ సంగతే తీసుకోండి. మన దగ్గర ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు ఉన్నారు. వారానికి రెండు మూడుసార్లు, వెళ్ళినప్పుడల్లా సుమారు నాలుగు గంటలు. ఆటో బయట చెట్టు కింద నిలబడే ఉంటుంది. ట్రియోకి మామూలు ప్లగ్గు మీద ఫుల్ ఛార్జింగ్‌కి పట్టేది కూడా సుమారు నాలుగు గంటలే! లోపల మనిషికి రక్తం శుద్ధి అయ్యేలోపు బయట బండి నిండుతుంది. కిరాయి తగ్గితే మిగిలేది ఆ రోగి ఇంట్లోనే.

డబ్బుల్లేవు అనకండి. పీఎం ఈ-డ్రైవ్‌లో దేశమంతా 72,000 ఛార్జర్లకి 2,000 కోట్లు పెట్టారు. ప్రభుత్వాసుపత్రుల ఆవరణలో అందరికీ అందుబాటులో పెడితే పరికరానికీ, కరెంటు లైనుకీ నూటికి నూరు సబ్సిడీ అని 2025 సెప్టెంబర్ మార్గదర్శకాల్లోనే ఉంది. అంతకుముందు 2024 మార్గదర్శకాల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా ఛార్జింగ్ కేంద్రాలకి కరెంటు తక్కువ రేటుకివ్వాలన్నారు. డయాలసిస్ జరిగే వేళ కూడా చాలామందికి అదే కదా!

"ఆసుపత్రి కరెంటు ఆటోలకెందుకు" అంటారు కొందరు. ఊరికే ఇమ్మని ఎవరడిగారు? వేరే మీటరు పెట్టండి, క్యూఆర్ కోడ్ అంటించండి, వాడినంత కట్టించుకోండి. "తిత్లీ లాంటిది వస్తే?" అంటారు ఇంకొందరు. 2018లో ఆ తుఫానుకి స్తంభాలు కూలి రోజుల తరబడి చీకట్లో ఉన్నాం, నిజమే. అలాగని మోటార్లు పీకేశామా?

మనవాళ్ళనీ ఒక మాట అనాలి. ఛార్జింగ్ పెట్టడానికి లైసెన్సు అక్కర్లేదని కేంద్రం 2018 ఏప్రిల్‌లోనే చెప్పేసింది. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల ముందు దింపుడు కోసం బళ్ళు గంటలు గంటలు కాసుకుంటాయి. గోడకి రెండు ప్లగ్గులు బిగిస్తే యజమానులకేటి పోతుంది?

పలాస కిడ్నీ ఆసుపత్రి, టెక్కలి, సోంపేట, కవిటి ఆసుపత్రులు, ఆర్టీసీ కాంప్లెక్సులు. ముందు వీటి దగ్గర ఆటో ప్లగ్గులు కావాలని కలెక్టరు గారికి సోమవారం అర్జీ పెడదాం. మీ ఊరు, మీ ఆటో ఎక్కడ, ఎన్ని గంటలు నిలబడుతుందో కింద రాయండి. ఆ లిస్టే మన పట్టిక.