ఆలు లేదు, చూలు లేదు.. కంప్యూటర్‌కి ఈ సామెత ఎవరు చెప్పాలి?

షార్ట్ సర్క్యూట్ అనగానే మనకి గుర్తొచ్చేది పేపర్లో వచ్చే అగ్నిప్రమాదం వార్తే. ప్రోగ్రాములు రాసేవాళ్లు ఇదే మాటని ఇంకో అర్థంలో వాడతారు. ఇందులో మంటలుండవు, పొగ రాదు. జవాబు ముందే తేలిపోతే, మిగతా ప్రశ్నలు అడక్కుండా అక్కడితో ఆపేయడం. అంతే! చిన్న విషయమే గానీ, దీన్ని సరిగ్గా అర్థం చేసుకోకపోతే పరీక్ష రాసిన పిల్ల కూడా ‘రాలేదు’ అని రికార్డుల్లోకి ఎక్కుతుంది. ఎలాగో చూద్దాం.

ముందు పోలింగ్ బూత్‌కి వెళ్దాం. ఓటరు కార్డు గానీ, ఆధార్ గానీ, పాస్‌పోర్ట్ గానీ ఏదో ఒకటి చూపించాలి. మీరు ఓటరు కార్డు చూపించారు. ఇక ఆధార్ ఏదని ఎవరూ అడగరు. ఒకటి దొరికింది, పని అయిపోయింది. ఇది ‘ఆర్’. కోడ్‌లో రెండు నిలువు గీతలు || పెడతాం.

ఇప్పుడు ఎయిర్‌పోర్ట్. టికెట్టూ ఉండాలి, గుర్తింపు కార్డూ ఉండాలి. టికెట్టే లేదన్నారనుకోండి, గేటు దగ్గర ఆయన కార్డు చూడనే చూడడు. వెనక్కి పంపేస్తాడు. ఇది ‘అండ్’. దీనికి గుర్తు &&.

రెండింటిలోనూ కంప్యూటర్ ఎడమ నుంచి కుడికి వెళ్తుంది. ఎక్కడ విషయం తేలిపోతుందో అక్కడే ఆగుతుంది. కుడివైపు ఉన్నదాన్ని కనీసం తాకదు కూడా.

ఈ గుర్తులు జావాస్క్రిప్ట్‌కి సీ భాష నుంచి వచ్చాయి. సీ మొదటి రోజుల్లో ఇవి లేవు. ఒక్క &, ఒక్క | తోనే నెట్టుకొచ్చేవారు. తర్వాత ఆలన్ స్నైడర్ సూచనతో డెన్నిస్ రిచీ ఈ జంట గుర్తుల్ని చేర్చారు. 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్ట్ మొదటి రూపం తయారుచేసినప్పుడు, గుర్తులు ఇవే ఉన్నాయి గానీ తర్వాత వాటి స్వభావం కొంచెం మారింది.

సీలో జవాబు 1 లేదా 0 మాత్రమే. జావాస్క్రిప్ట్ అలా అవును, కాదు అని చెప్పి ఊరుకోదు. ఎక్కడ ఆగిందో అక్కడున్న విలువనే తెచ్చి మన చేతిలో పెడుతుంది. ఉదాహరణకి:

5 && 7 అంటే 7
0 && 7 అంటే 0
5 || 7 అంటే 5
0 || 35 అంటే 35

మరి ఏది ‘ఉన్నట్టు’, ఏది ‘లేనట్టు’? ఫాల్స్, సున్నా, ఖాళీ స్ట్రింగ్, నల్, అన్‌డిఫైన్డ్, నాన్ అనే ‘సంఖ్య కాని సంఖ్య’.. ముఖ్యంగా ఇవి లేనట్టు లెక్క. మిగతావి దాదాపు అన్నీ ఉన్నట్టే. ఖాళీ జాబితా కూడా ఉన్నట్టే!

ఇక మన సామెతకొద్దాం. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మనం నవ్వుకుంటాం గానీ కంప్యూటర్ నవ్వదు. లేని ఆలికి పుట్టని కొడుకు పేరు అడిగితే ఎర్రర్ చూపించి, ఆ కోడ్‌ని అక్కడే ఆపేస్తుంది. అందుకని ఇలా రాస్తాం:

ఆలు && ఆలు.కొడుకు && ఆలు.కొడుకు.పేరు

ముందు ఆలు ఉందా? లేకపోతే అక్కడే ఆగు. ఉంటే, కొడుకున్నాడా? అప్పుడే పేరు. షార్ట్ సర్క్యూట్ ఇక్కడ కాపలా కాస్తోందన్నమాట. 2020లో దీనికి పొట్టి దారి కూడా వచ్చింది:

ఆలు?.కొడుకు?.పేరు

సరదాకి తెలుగులో రాశాననుకోకండి. జావాస్క్రిప్ట్‌లో వేరియబుల్స్‌కి తెలుగు పేర్లు పెట్టొచ్చు. ఆలు అనే వేరియబుల్‌ని ముందు డిక్లేర్ చేసి ఉంటే, పైవి నిజంగానే నడుస్తాయి.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా సున్నా దగ్గర వస్తుంది. ఓ కోచింగ్ సెంటర్ యాప్‌లో మార్కులు చూపించే లైను ఇలా ఉందనుకోండి:

మార్కులు || "పరీక్షకి రాలేదు"

మార్కులుంటే మార్కులు, లేకపోతే రాలేదని చూపించు. చదవడానికి చక్కగా ఉంది. టెస్ట్ చేసేవాళ్లు 67, 82, 45 వేసి చూస్తారు. అన్నీ సరిగ్గానే వస్తాయి. కానీ అది నెగెటివ్ మార్కులున్న పరీక్ష. ఓ అమ్మాయి మూడు గంటలు కూర్చుని రాసింది. వచ్చినవీ పోయినవీ సరిపోయి మొత్తం సున్నా వచ్చింది. సున్నా ‘లేనట్టు’ కిందకి వస్తుంది కదా, కోడ్ కుడివైపుకి వెళ్లిపోయింది. వాళ్ల నాన్న ఫోన్‌లో మాత్రం ‘పరీక్షకి రాలేదు’ అని కనిపించింది. సాయంత్రం ఇంట్లో ఏం జరుగుతుందో మీరే ఊహించుకోండి. తక్కువ మార్కులకి తిట్లు వేరు, చెయ్యని తప్పుకి తిట్లు వేరు.

డబ్బుల దగ్గరా ఇదే కథ. డెలివరీ ఛార్జీ || 40 అని రాస్తే, ఫ్రీ డెలివరీ అని సున్నా పెట్టిన ఆర్డర్‌కి కూడా 40 రూపాయలు పడతాయి.

దీనికోసమే 2020లో ?? అనే ఇంకో గుర్తు వచ్చింది. ఎడమవైపు నల్ గానీ, అన్‌డిఫైన్డ్ గానీ ఉంటేనే ఇది కుడివైపు చూస్తుంది. సున్నాని సున్నాగానే గౌరవిస్తుంది. 0 || 35 అంటే 35 వస్తే, 0 ?? 35 అంటే 0 వస్తుంది.

అలాగని అన్నిచోట్లా || తీసేసి ?? పెట్టేయకండి. ఫారంలో పేరు రాయకుండా వదిలేస్తే వచ్చేది ఖాళీ స్ట్రింగ్. ?? దృష్టిలో అది ఉన్నట్టే, కాబట్టి స్క్రీన్ మీద ఖాళీయే కనిపిస్తుంది. అక్కడ || మంచిది. ఇంకో తిరకాసు ఉంది. ఫారంలో టైప్ చేసిన సున్నా మామూలుగా "0" అనే స్ట్రింగ్‌గా వస్తుంది. అది ఉన్నట్టు లెక్క. దాన్నే సంఖ్యగా మార్చగానే లేనట్టు అయిపోతుంది. అందుకే ఇలాంటి బగ్గు ఒక పేజీలో కనిపిస్తుంది, పక్క పేజీలో కనపడదు.

చివరగా మీ అందరికీ అనుభవమైన విషయం ఒకటి. ఏదో అప్లికేషన్ నింపి సబ్మిట్ నొక్కుతారు. పిన్‌కోడ్ తప్పంటుంది. సరిచేస్తారు. ఈసారి ఫోన్ నంబర్ తప్పంటుంది. అదేదో ముందే చెప్పొచ్చుగా అని విసుక్కుంటారు. దాని వెనక ఇలాంటి లైను ఉండే అవకాశం ఉంది:

పిన్‌కోడ్_చూడు() && ఫోన్_చూడు()

మొదటిది తప్పని తేలగానే రెండోదాన్ని చూడనే లేదు. రెండూ తప్పకుండా జరగాలంటే, రెండింటినీ విడివిడిగా నడిపి, వచ్చిన జవాబుల్ని ఆ తర్వాత కలపాలి. తప్పనిసరిగా జరగాల్సిన పనిని && కి కుడివైపు దాచకూడదు.

ఇవన్నీ మీరే చూడొచ్చు. కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి ఎఫ్12 నొక్కండి. కన్సోల్ అనే చోట 0 || 35 కొట్టి ఎంటర్ నొక్కండి, తర్వాత 0 ?? 35 కొట్టండి. కోడ్ రాసే ఉద్యోగంలో కొత్తగా చేరిన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఓ మాట. రేపు ఆఫీసులో || కనిపించిన ప్రతిచోటా ‘ఎడమవైపు సున్నా వస్తే ఏమవుతుంది?’ అని ఒక్కసారి అడగండి. సున్నా వచ్చిందనడానికీ, అసలు రాలేదనడానికీ తేడా మనకి తెలుసు. || కి తెలీదు.

వచ్చే వారం ఇంకో సంగతితో కలుద్దాం.