పార్కులో మీకేం పని?

పార్కు అంటే పనీపాటా లేనివాళ్ళు కూర్చునే చోటని మన పెద్దమనుషులకి గట్టి నమ్మకం. పనీపాటా లేనివాళ్ళలో మొదటి వరస ఆడవాళ్ళదేనని అంతకంటే గట్టి నమ్మకం. ఈ రెండు నమ్మకాలూ ఒక్కచోట కలిశాయంటే ఇంక చెప్పేదేముంది! వూళ్ళో ఎక్కడ కాస్త చెట్టూ నీడా వున్న జాగా కనబడినా, "అయ్యో, వూరికే పడి వుందే" అని ఎవరిదో ఒకరి చెయ్యి దురద పెడుతుంది.

వూరికే పడి వుండటమేమిటండీ? మా కాలనీ పార్కునే తీసుకోండి. మహా అయితే పన్నెండు వందల గజాలు. నాలుగు వేపచెట్లు, రెండు కానుగలు, ఒక గన్నేరు, ఆరు సిమెంటు బెంచీలు, ఒక జారుడుబల్ల. అంతే ఆస్తి. తెల్లవారుజామున అయిదింటికి షుగరువాళ్ళు వస్తారు. ఆరింటికి ప్లాస్టిక్ సంచులతో పూలదొంగలు వస్తారు (పాపం, పూజకే లెండి. ఆ పూలు ఎక్కడివని దేవుడు అడగడన్న ధైర్యం కాబోలు!). పది దాటాక కూరల బండి నీడకి చేరుతుంది. మధ్యాహ్నం నాలుగిళ్ళలో పని ముగించుకున్న పనిమనుషులు అక్కడే అన్నం గిన్నె విప్పుకుంటారు. సాయంత్రం నాలుగున్నర నుంచి పిల్లలూ, పిల్లల వెనక అమ్మమ్మలూ, నాయనమ్మలూ. రోజుకి ఇన్ని డ్యూటీలు చేసే వుద్యోగి మా వూళ్ళో ఏ ఆఫీసులోనూ లేడు.

అలాంటి పార్కులో కల్యాణ మండపం కట్టాలని మా కాలనీ సంఘంలో కొందరికి బుద్ధి పుట్టింది. అద్దె వస్తుందిట, ఆ డబ్బుతో కాలనీ బాగుపడుతుందిట. మీటింగులో లేచి, "మరి పిల్లలెక్కడ ఆడుకుంటారండీ?" అని అడిగాను. "ఈ రోజుల్లో పిల్లలెవరు ఆడుతున్నారమ్మా, అందరూ సెల్‌ఫోన్లు పట్టుకు కూర్చుంటున్నారు గదా!" అన్నారొకాయన. బాగానే వుంది వరస! ఆడుకునే చోటు లాగేసుకోవడం, ఆ తర్వాత ఆడటం లేదని పిల్లల మీద నేరం మోపడం.

కల్యాణ మండపం లెక్క మగవాళ్ళకంటే మనకే బాగా తెలుసు. పంచాంగం తియ్యండి. ఆషాఢం పెళ్ళిళ్ళకి పనికిరాదు. భాద్రపదం పనికిరాదు. పుష్యం శూన్యమాసం. పైన గురుమూఢమో, శుక్రమూఢమో వచ్చి పడిందంటే ఇక వారాల తరబడి తాళమే. ముహూర్తాలున్న రోజుల్లోనేమో రాత్రి పన్నెండుదాకా డీజే మోత, జనరేటరు పొగ, తెల్లారేసరికి వీధి పొడుగునా ఎంగిలి విస్తళ్ళు, మన గేటుకి అడ్డంగా ఎవరి కారో. అంటే ఏడాదిలో సగం రోజులు తాళం వేసి వుంచడానికీ, మిగతా సగం రోజులు మన నిద్ర చెడగొట్టడానికీ, 365 రోజులూ తెరిచి వుండే చోటుని ఇచ్చెయ్యాలన్నమాట. ఇది లాభమని లెక్క కట్టినవారు ఇంట్లో పాలలెక్క ఒక్కసారైనా రాశారా అని నా అనుమానం.

అసలు మాటకి వస్తాను. ఇంట్లోంచి బయటికి వచ్చి, ఏమీ కొనకుండా, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా, ఒక గంట కూర్చోడానికి మనకి వున్న చోట్లెన్ని? వేళ్ళు మడవండి. మగవాళ్ళకి టీకొట్టుంది, కిళ్ళీకొట్టు ముందు అరుగుంది, క్లబ్బుంది, ఏమీ లేకపోతే స్కూటరు మీద చేరగిలబడి వీధి మలుపులో నిలబడినా ఎవరూ ఏమనరు. మనం వీధి మలుపులో అయిదు నిమిషాలు నిలబడితే ఆరో నిమిషానికి, "ఎవరికోసమమ్మా?" అంటారు. గుళ్ళో కూర్చోవచ్చు, నిజమే. కానీ వెంట తెచ్చిన మనవడు పరిగెత్తితే పూజారిగారు కళ్ళెర్ర చేస్తారు. పెద్ద పెద్ద మాల్సులో ఏసీ చల్లగానే వుంటుంది. కానీ చెయ్యి సంచీలోకి వెళ్ళకుండా అక్కడ ఎంతసేపు కూర్చోగలం? కూర్చోడానికే కాఫీ కొనుక్కోవాలి. ఆ కాఫీ ఖరీదుకి ఇంట్లో రెండు రోజుల పాలు వస్తాయి.

ముంబాయికి చెందిన ముగ్గురు పరిశోధకురాళ్ళు, శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే, ఈ సంగతి మీదే 2011లో "వై లాయిటర్?" అని ఒక పుస్తకం వేశారు. ఆడది వీధిలో కనిపించిందంటే ఏదో పనిమీద వచ్చినట్టు కనిపించి తీరాలి, చేతిలో సంచీయో, పక్కన పిల్లవాడో వుండాలి, వూరికే తిరిగే హక్కు మాత్రం లేదన్నది వాళ్ళ వాదన. చదవకముందే మనందరికీ తెలిసిన సంగతి! "పార్కులో మీకేం పని?" అన్న ప్రశ్నకి, "ఏమీ లేదు, అందుకే వెళ్తున్నాను" అని జవాబు చెప్పగలిగే చోటు ఇంకెక్కడుంది చెప్పండి? మా అత్తగారికి ఎనభై దాటాయి. ఆవిడ రోజు మొత్తంలో మనవలతో, కోడలితో, టీవీతో కాకుండా తన యీడు మనిషితో మాట్లాడేది ఆ వేపచెట్టు కింద బెంచీ మీదే. పక్కింటి కోడలు నెలల పిల్లని భుజాన వేసుకుని వచ్చి, పావుగంట ఏమీ మాట్లాడకుండా కూర్చుని వెళ్ళిపోతుంది. ఆ పావుగంట లేకపోతే ఆ పిల్ల ఏమైపోయేదో నాకు తెలుసు, మీకూ తెలుసు.

పార్కులంటే ప్రేమికుల అడ్డాలని ఇంకో అభ్యంతరం. ప్రేమికులకి భయపడి పార్కు మూసేసేట్టయితే, జేబుదొంగలకి భయపడి బస్సులు ఆపెయ్యాలి. చీకట్లో ఆకతాయిలు చేరుతున్నారంటే అక్కడ దీపం లేదని అర్థం. దీపం పెట్టండి, ఆడవాళ్ళు వస్తారు. నలుగురు ఆడవాళ్ళు వచ్చి కూర్చున్న చోట పేకాటరాయుళ్ళు ఎన్నాళ్ళుంటారో నేనూ చూస్తాను. మరుగుదొడ్డి కట్టించండి. అది లేకనే మనలో సగంమంది అరగంట దాటి ఎక్కడా కూర్చోలేకపోతున్నాం. ఈ సంగతి మీటింగులో మాట్లాడటానికి మనం సిగ్గుపడతాం, వాళ్ళకేమో తోచదు. కొన్ని వూళ్ళలో ఇంకో ముచ్చట. పార్కు వుంటుంది, చెట్లుంటాయి, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగుదాకా గేటుకి తాళమూ వుంటుంది. వీధిలో పనిచేసే మనిషికి నీడ అవసరమయ్యేది సరిగ్గా ఆ వేళలోనే! పచ్చిక మీద నడవరాదు, గట్టు మీద కూర్చోరాదు అని బోర్డులు. మరి చూసి దణ్ణం పెట్టి రావాలా?

"నిర్వహణ లేదు కనక తీసేద్దాం" అనేవారికి ఒక్కటే చెబుతాను. కుళాయి కారుతోందని ఎవరైనా వంటిల్లు అమ్ముకుంటారా?

డబ్బు సంగతి కూడా తేల్చుకుందాం. పార్కు జాగా ఎవరో దయదలిచి ఇచ్చినది కాదు. లేఅవుటు వేసినప్పుడు రోడ్లు పోగా ఇంత భాగం ఖాళీ స్థలంగా వదలాలని నిబంధన. మన వైపు ఎన్నాళ్ళ నుంచో పదో వంతు లెక్క ఒకటి నడుస్తోంది. ఆ ఖాళీ జాగాని పురపాలక సంఘానికి రిజిస్టరు చేసి అప్పగించాలి. ప్లాట్లు అమ్మినాయన ఆ పదో వంతు ఖరీదుని తన జేబులోంచి పెట్టుకున్నాడనుకుంటున్నారా? మనం కొన్న ఒక్కొక్క గజం ధరలోనూ అది కలిపే వుంది. గాజులు తాకట్టు పెట్టి మనం కొన్న జాగాని మళ్ళీ మనకే అద్దెకిస్తామంటున్నారు, పెళ్ళికి ఇంత అని.

కోర్టులు ఈ మాట ఎప్పుడో చెప్పాయి. హైదరాబాదు అభివృద్ధి ప్రణాళికలో 1975లో విహారస్థలంగా కేటాయించిన 150 ఎకరాలలో కొంత జాగా జీవిత బీమా సంస్థ చేతిలో వుంది. ఆదాయపు పన్ను శాఖ అందులో కొంత కొనుక్కుని వుద్యోగులకి ఇళ్ళు కట్టబోయింది. వూళ్ళో పన్ను కట్టే మామూలు మనుషులు కోర్టుకెక్కారు. 1987 తీర్పులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి. ఎ. చౌదరిగారు, అక్కడ ఇళ్ళు కట్టడానికి వీల్లేదన్నారు. రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కు దాకా వెళ్ళారాయన. జీవితాలకి బీమా చేసే సంస్థకి జీవించే హక్కు గురించి చెప్పవలసి రావడం, చూడండి, ఎంత తమాషాగా వుందో! బెంగుళూరులో ఇంకో కథ. అక్కడ పార్కుకని వదిలిన స్థలాన్ని ఒక ప్రైవేటు ట్రస్టుకి ఆసుపత్రి కోసం ఇచ్చేశారు. ఆసుపత్రి చెడ్డదని ఎవరంటారు? అయినా చుట్టుపక్కల వాళ్ళు వూరుకోలేదు. 1991లో సుప్రీంకోర్టు కూడా వాళ్ళ పక్షమే నిలిచింది. పార్కు అందరిదీ, ఆ ఆసుపత్రి డబ్బిచ్చుకోగలిగిన వాళ్ళది. రెండూ ఒకటి కావని తేల్చింది. అడిగే హక్కు ఆ కాలనీలో వుండే ప్రతివారికీ వుందని కూడా తేల్చింది.

ఇన్ని తీర్పులున్నా 2024లో హైదరాబాదులో చెరువుల్నీ, పార్కుల్నీ ఆక్రమణల నుంచి కాపాడటానికి హైడ్రా అని వేరే ఒక సంస్థనే పెట్టవలసి వచ్చిందంటే, మనవాళ్ళ చేతి దురద ఎంతటిదో మీరే వూహించుకోండి.

ఒక్క మండపమే గదా అంటారు. మద్రాసు కథ వినండి. ట్రెవెల్యన్ గవర్నరుగా వున్నప్పుడు, 1859 ప్రాంతంలో, సెంట్రల్ స్టేషను దగ్గర 116 ఎకరాల్లో పీపుల్స్ పార్కు వేశారు. కొన్నాళ్ళకి అందులో విక్టోరియా హాలు లేచింది. దానికి 1883లో శంకుస్థాపన చేసింది మన విజయనగరం ఆనందగజపతి మహారాజుగారే. 1900లో మూర్ మార్కెట్టు వచ్చింది. తర్వాత 1913లో కార్పొరేషన్ వారి రిప్పన్ భవనం. ఆ పైన స్టేడియం. వీటిలో ఒక్కటి కూడా చెడ్డది కాదు. పాత పుస్తకాల కోసం, చవక సామాన్ల కోసం మూర్ మార్కెట్టుకి వెళ్ళని మద్రాసు తెలుగువాళ్ళు లేరు. 1985లో మూర్ మార్కెట్టు కాలిపోయింది. అదే సంవత్సరం జంతుప్రదర్శనశాల వండలూరుకి తరలిపోయింది. 116 ఎకరాల్లో పార్కు అనే పేరుకి మిగిలింది మై లేడీస్ పార్కు అన్న చిన్న ముక్క. దొంగలెవరూ రాలేదు, అంతా ప్రజోపయోగం కోసమే! మన కాలనీల్లోనూ ఇదే వరస. మొదట ఓ మూల వాటర్ ట్యాంకు, తర్వాత వార్డు ఆఫీసు, తర్వాత ఒక చిన్న గుడి, గుడి పక్కన చెప్పుల స్టాండు... చివరికి మిగిలిన జాగాలో కార్లు. (మద్రాసు మాట వచ్చింది కనక అడుగుతున్నాను. పట్టుచీరెల కోసం పానగల్ పార్కు చుట్టూ తిరిగినవాళ్ళలో, ఆ పేరు మన పానుగంటి రామరాయణింగారిదని తెలిసి ఒక్కసారి లోపలికి తొంగిచూసినవాళ్ళెందరు?)

హైదరాబాదులో పబ్లిక్ గార్డెన్సుకి వెనకటి పేరు బాగ్-ఎ-ఆమ్. ఆమ్ అంటే అక్కడ మామిడిపండు కాదు, సామాన్య జనం. పేరు పెట్టినవాళ్ళకి ఆ తోట ఎవరిదో తెలుసు. ఆ తోట ఆవరణలోనే శాసనసభ భవనం కూడా వుంది. కిటికీలోంచి చూసినా కనిపించేంత దగ్గర.

మే నెలలో బెజవాడ ఎండ తెలిసినవాళ్ళకి చెట్టు విలువ నేను చెప్పక్కర్లేదు. నీళ్ళ సంగతి మాత్రం చెప్పాలి. సిమెంటు మీద పడిన వాన కాలవలోకి పోతుంది, మట్టి మీద పడిన వాన భూమిలోకి దిగుతుంది. ఇంటి చుట్టూ టైల్సు, రోడ్డు అంచుదాకా సిమెంటు పరుచుకున్నాక మా కాలనీలో వాన ఇంకే మట్టి మిగిలింది ఆ పార్కులోనే. దాన్నీ కప్పేసి, ఆ తర్వాత మార్చిలో బోరు ఎండిపోయిందని, ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని నిలబడేది మండపం కట్టించిన పెద్దమనుషులు కాదు. ఎవరో నేను చెప్పాలా?

కాబట్టి మీ పార్కు మీద కూడా ఎవరి చూపైనా పడితే, పోట్లాటకి ముందు కాగితాలు సంపాదించండి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద మీ లేఅవుటు మంజూరైన ప్లాను నకలు, ఖాళీ స్థలం అప్పగించిన గిఫ్టు డీడు నకలు అడగవచ్చు. దరఖాస్తు తెల్లకాగితం మీద రాస్తే చాలు, రుసుము 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్లానులో "పార్కు" అని పచ్చరంగులో వుంటే సగం మీటింగులు అక్కడే ముగిసిపోతాయి.

మాది నేను పోయిన మంగళవారం ఇచ్చి వచ్చాను. కౌంటరులో గుమాస్తా దరఖాస్తు అటూ ఇటూ తిప్పి, "ఇవన్నీ మీకెందుకమ్మా, సారుని పంపకపోయారా?" అన్నాడు.

"సారు ఆఫీసుకెళ్తారు నాయనా, పార్కుకెళ్ళేది నేను" అన్నాను. రసీదు రాసిచ్చాడు.