ఎం.సి.బి. ఉంటే చాలా?

బాత్రూంలో గీజరు, పెరట్లో వాషింగ్ మెషిన్, బకెట్లో హీటర్ రాడ్... తడి చేతులతో స్విచ్చి దగ్గరకెళ్ళేది ఎక్కువగా ఇల్లాలే. 'బోర్డులో ఎం.సి.బి. ఉందిగా, భయమేమిటి?' అంటారు ఇంట్లోవాళ్ళు. అది కాపాడేది వైరింగును, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. అంతకుమించి కరెంటు లాగితేనే పడిపోతుంది. ప్రాణం తీయడానికి ఆంపియరులో పదో వంతు చాలు.

మనిషి కోసం పెట్టేది ఆర్.సి.సి.బి. వెళ్ళిన కరెంటంతా తిరిగొచ్చిందా లేదా అని అది కనిపెడుతూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు ఒంట్లోంచి నేలలోకి పోయినా, సెకనులో మూడో వంతులోపే సరఫరా ఆపేస్తుంది.

కేంద్ర విద్యుత్ అథారిటీ 2023 నిబంధనలు ఇళ్ళకు ఈ 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ తప్పనిసరి అన్నాయి. కానీ తక్కువ లోడు కనెక్షన్లను మినహాయించాయి. గీజరు కొనలేక హీటర్ రాడ్‌తో నీళ్ళు కాచుకునేది ఆ చిన్న ఇళ్ళలోనే కదా! అవసరమున్న చోటే నిబంధన పక్కకు తప్పుకుంది.

అద్దె ఇంటికి వెళ్ళేముందు నీళ్ళొస్తాయా అని అడుగుతాం. ఆర్.సి.సి.బి. ఉందా అని కూడా అడగండి. ఉంటే దాని మీది 'టి' బటన్ నొక్కి చూడండి. కరెంటు పోవాలి. పోలేదంటే అది ఉన్నా లేనట్టే!