కవులకు దండలు, ప్రజలకు ఇంగ్లీషు కాగితాలు

ఆగస్టు 29 వస్తే గిడుగు రామమూర్తి విగ్రహానికి దండ పడుతుంది. సెప్టెంబర్ 9న కాళోజీకి, 21న గురజాడకు. మంత్రిగారు మైకు ముందు రెండు పద్యాలు చదువుతారు, పక్కనున్న అధికారి చప్పట్లు కొడతారు. సభ ముగిశాక ఆ ఇద్దరూ సంతకం పెట్టే ఫైలు మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది. మన ప్రభుత్వాలకు కవిత్వం అంటే ఇంత ప్రేమ ఎందుకో నాకు ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది. పద్యం చదవడానికి ఖర్చు లేదు. జీవో తెలుగులో రాయాలంటే కూర్చుని పని చెయ్యాలి.

1966లో ఉమ్మడి రాష్ట్రం అధికార భాషా చట్టం చేసింది. ఆ చట్టం చదివినవాళ్లకి ఇక పాలనంతా తెలుగులోనే అనిపిస్తుంది. చట్టం పక్కన పెట్టి జనం మొరలు వినే ఏ సోమవారమైనా కలెక్టరేట్‌కు వెళ్లండి. గేటు బయట అర్జీలు రాసిపెట్టేవాళ్లు ఉంటారు. పొలం గట్టు తగాదా అయినా, ఆగిపోయిన పింఛను అయినా, జనం తెలుగులో చెప్పుకుంటారు, తెలుగులో రాయించుకుంటారు. దేశంలో, రాష్ట్రంలో వాడే ఏ భాషలోనైనా మొర పెట్టుకునే హక్కు రాజ్యాంగంలోని 350వ అధికరణమే ఇచ్చింది. జవాబు ఏ భాషలో రావాలో మాత్రం ఆ అధికరణం చెప్పలేదు. ఆ సందులోంచి ఇంగ్లీషు ఎండార్స్‌మెంట్ వస్తుంది. దాన్ని పట్టుకుని అర్జీదారు మళ్లీ గేటు బయటికే వెళ్లాలి, అందులో ఏముందో చదివించుకోవడానికి.

కోర్టుల సంగతీ అంతే. హైకోర్టులో తెలుగుకు 348వ అధికరణం అడ్డం అంటారు, నిజమే. కింది కోర్టుల భాషను నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిదే కదా, దాన్ని ఎవరు అడ్డుకున్నారు? 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక భూవివాదంలో తెలుగులో తీర్పు ఇస్తే పత్రికలన్నీ పెద్ద వార్తగా వేశాయి. తెలుగు గడ్డ మీద తెలుగు తీర్పు వార్త కావడమే మన మీద తీర్పు.

ఈ దండల ఊరేగింపులో అందరికంటే ఎక్కువ అన్యాయం జరిగింది గిడుగుకి. ఆయన జయంతిని తెలుగు గొప్పతనం చాటుకునే పండగ చేశాం. ఆయన పోరాడింది ఆ గొప్పతనం కోసం కాదు. పండితులు గ్రాంథికం వదిలేది లేదని పట్టుబట్టినప్పుడు, పిల్లలకు అర్థంకాని భాషలో పాఠం చెప్పడం చదువెలా అవుతుందని అడిగారు. అందుకోసం 1919లో సొంతంగా పత్రిక పెట్టారు. ఇవాళ మన శాఖలు ఎప్పుడైనా దయతలచి తెలుగులో ఒక ఉత్తర్వు ఇస్తే, దాన్ని చదవడానికి మళ్లీ ఇంగ్లీషు ప్రతి వెతుక్కోవాలి. సంస్కృత సమాసాలతో, ఇంగ్లీషు వాక్యాల కట్టుతో ఉండే ఆ భాష ఏ ఇంట్లోనూ ఎవరూ మాట్లాడరు. గిడుగు వందేళ్ల కిందట ఎదిరించిన గ్రాంథికానికి ఇది సచివాలయంలో పెరిగిన మనవడు.

ఇంకో సంగతి దండలు వేసేవాళ్లకు అసలు గుర్తుకే రాదు. పర్లాకిమిడిలో బడి పంతులుగా ఉంటూ గిడుగు సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించారు, పుస్తకాలు రాశారు, వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. అంటే తెలుగు పిల్లవాడికి తెలుగు అడిగిన మనిషే సవర పిల్లవాడికి సవర అడిగాడు. మన్యం బడుల్లో తెలుగు వాచకం ముందు బిక్కమొహం వేసుకుని కూర్చునే సవర పిల్లలకి, ఇంగ్లీషు నోటీసు ముందు నిలబడ్డ రైతుకి ఉన్నది ఒకటే కష్టం. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు వీలు కల్పించమని రాజ్యాంగం 350ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతోంది. ఈ శతాబ్దం మొదట్లో సవరలో వాచకాలు వచ్చాయి. పథకంగా వచ్చినవి పథకంగానే ఉండిపోయాయి, హక్కు కాలేదు.

ఇక గురజాడకు ఢిల్లీలో కూడా గిరాకీ ఉంది. 2025 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి ఆయన గేయాన్ని తలుచుకున్నారు. సంతోషం. కబుర్లు కట్టిపెట్టి పని చూడమని అదే గేయం చెబుతుందన్న సంగతి ఏ పార్టీ ప్రసంగంలోనూ వినపడదు.

చనిపోయిన కవులతో ఈ సదుపాయం ఉంది, తిరిగి మాట్లాడరు. బతికున్నవాళ్లతోనే చిక్కు. 1971లో జ్వాలాముఖి, నిఖిలేశ్వర్, చెరబండరాజు అనే కవులను ముందస్తు నిర్బంధ చట్టం కింద జైల్లో పెట్టారు. ఆ నిఖిలేశ్వర్‌కే 2020లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ప్రతి ఏటా మనం దండ వేసే కాళోజీ కూడా నిజాం జైలు చూసినవారే. కవి రాజకీయాలు మనకు నచ్చాలని లేదు. కానీ కవిని భరించలేని అధికారానికి ఆయన పద్యం అరువు తెచ్చుకునే అర్హత ఎక్కడిది?

మంత్రులకు ఒక మనవి. ఈసారి దండలు మానేయండి, కవులేమీ అనుకోరు. తెలుగు ప్రతి లేకుండా పౌరుడికి పంపిన ఏ నోటీసూ, ఏ ఉత్తర్వూ చెల్లదని అధికార భాషా చట్టంలో ఒక్క వాక్యం చేర్చండి. రెండు రాష్ట్రాల్లోనూ చేర్చండి. ఆ తెలుగు ప్రతిని జిల్లాకు పంపే ముందు, కలెక్టరేట్ గేటు బయట అర్జీలు రాసే మనిషికి ఒకసారి చూపించండి.